పెట్టె మాన్పించడం

“వేణ్ణీళ్ళు తోడావా?” అంటారు మా ఆయన పొద్దున్నే, కళ్ళు తెరవకుండానే. ఏడేళ్ళుగా నా రోజు ఆ మాటతోనే మొదలవుతోంది. తోడాను అనాలి. కాగు దించి, బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, వేలు పెట్టి చూసి, సబ్బూ తువ్వాలూ చెయ్యి చాపితే అందేచోట పెట్టి, అప్పుడు అనాలి. ఆయన పేరు ధనుంజయరావు, తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇలా పేరు పెట్టి చెప్పానని మా అత్తగారు రత్నమ్మకి తెలిస్తే కొడుకు ఆయుష్షు తగ్గిపోతుందని వీధి వినేలా గోల పెడుతుంది. కొడుకు ఆయుష్షు నా నోట్లో ఉందని ఆవిడ నమ్మకం. ఆ లెక్కన ఆవిడే రోజూ లేచి నాకు దణ్ణం పెట్టుకోవాలి మరి!

నా పేరు కనకదుర్గ. బందరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. పెళ్ళిచూపుల్లో మా ఆయన, “ఇంట్లో నర్సు ఉంటే అమ్మకి ఎంత సుఖం” అన్నారు. మెచ్చుకున్నారనుకుని తలొంచుకుని మురిసిపోయాను, పిచ్చిమొహాన్ని. వార్డులో నన్ను సిస్టరుగారూ అని లేచి నిలబడతారు. ఇంటికొస్తే మాత్రం పెరట్లో నూతి దగ్గర నెత్తిన నాలుగు చేదలు గుమ్మరించుకుంటే గానీ వంటింటి గడప తొక్కనివ్వరు. “ఎవరెవర్ని ముట్టుకొచ్చిందో ఏమో” అంటుంది అత్తగారు. పుష్యమాసంలోనైనా అంతే. తడి జుట్టుతో, ఆ ముట్టుకొచ్చిన చేతులతోనే, ఆవిడ మోకాళ్ళకి నూనె మర్దనా చెయ్యాలి. మోకాళ్ళకి మైల ఉండదు కాబోలు.

యాభై ఎనిమిదిలో, శ్రావణమాసంలో, మా ఆయనకి గుడివాడ బదిలీ అయింది. సోమవారం అక్కడ చేరాలి. ఆ ముందు మంగళవారం సాయంత్రం ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. నా రాజీనామా. ఆయనే రాశారు. “ఇంగ్లీషులో రాశాను, తప్పులుండవు. కింద సంతకం పెట్టు చాలు” అన్నారు. గుడివాడలో కూడా ఆసుపత్రి ఉంది కదండీ అంటే, “మరి నాకు క్యారేజీ ఎవరు సర్దుతారు? అమ్మని ఎవరు చూస్తారు? నీకు కాస్త విశ్రాంతి ఇద్దామని నేను చూస్తుంటే!” అని నొచ్చుకున్నారు. విశ్రాంతట! ఆ మాటన్నప్పుడు ఆయన పాదాలు నా ఒళ్ళో ఉన్నాయి, గోళ్ళు తీస్తున్నాను. సంతకం పెట్టనని అనలేదు. అంత ధైర్యం అప్పటికి లేదు. “శుక్రవారం అవనివ్వండి” అన్నాను. శుక్రవారం ఏముందని ఆయన అడగలేదు. కాగితం ఎగిరిపోకుండా ఆవకాయ జాడీ కింద పెట్టాను.

శుక్రవారం రాజకుమారి బతుకు తేలుతుంది.

రాజకుమారిది పెడన. మామగారు పిచ్చేశ్వరరావుది కలంకారీ అద్దకం పని, ఇంట్లోనే నాలుగు అద్దకం బల్లలు. పిల్లకి పందొమ్మిదేళ్ళు, కాపురానికొచ్చి ఏడాది. వైశాఖంలో జ్వరం తగిలింది. మూడోనాటికి కాళ్ళు పడిపోయాయి, నాలుగోనాటికి ఊపిరందలేదు. పోలియో చంటిపిల్లలకే వస్తుందనుకుంటారు గానీ అది పెద్దవాళ్ళనీ వదలదు. మా ఆసుపత్రిలో యుద్ధానికి ముందు సీమ నుంచి వచ్చిన చెక్కపెట్టె ఒకటి ఉంది. మనిషిని అందులో పడుకోబెట్టి మూత బిగిస్తే తల ఒక్కటే బయట ఉంటుంది, మెడ చుట్టూ రబ్బరు పట్టీ. కింద మోటారు ఒక పెద్ద తోలుతిత్తిని లాగుతుంది, వదులుతుంది. లాగినప్పుడు పెట్టెలో గాలి తగ్గి, రొమ్ము తనంతట తానే లేచి, ఊపిరి లోపలికి పోతుంది. వదిలినప్పుడు బయటికొస్తుంది. కరెంటు పోతే నేనూ, మా ఆయా ఖైరున్ బీ చెరో పక్కా నిలబడి పిడి పట్టుకుని ఆడించాలి. బందరు కరెంటు సంగతి చెప్పేదేముంది, వారానికి రెండుసార్లయినా మా రెక్కలు విరిగేవి.

ఆ పెట్టెలో ఉన్నవాళ్ళు మాట్లాడాలంటే తిత్తి గాలి వదిలినప్పుడే మాట్లాడాలి. లాగుతున్నప్పుడు నోరు తెరిచినా మాట రాదు. “సిస్టరుగారూ...” అని ఆగి, తిత్తి తిరిగి వచ్చేదాకా కళ్ళప్పగించి చూసి, “...దాహం” అనేది. ఒకరోజు అలా సగం మాట నోట్లో పెట్టుకుని ఎదురుచూస్తున్న పిల్లని చూస్తే నన్ను నేనే చూసుకున్నట్టయింది. మా ఇంట్లో నా వరసా అదే. ఆయన భోంచేసి, తాంబూలం వేసుకుని, పడక్కుర్చీలో వాలి, హమ్మయ్య అన్నాకే నేను ఏదైనా ఎత్తాలి. అంతకుముందు ఎత్తితే, “వచ్చీ రాగానే మొదలుపెట్టావా?” ఆ తర్వాత ఎత్తితే, “నిద్రొస్తోంది, రేపు చూద్దాం.” ఆ రెంటికీ మధ్య దొరికిన సందులో నా ఏడేళ్ళ మాటలన్నీ కుక్కి కుక్కి చెప్పుకున్నాను. నేనూ ఒక పెట్టెలోనే ఉన్నానని ఆ రోజు అనిపించింది. చాలా రోజులు అలాగే అనుకున్నాను.

పెట్టెకి అలవాటుపడ్డ మనిషి చేత పెట్టె మాన్పించడమంటే పసిపిల్లకి పాలు మాన్పించడమే. ఒక్కరోజులో అయ్యే పని కాదు. మొదటి నెలలో డాక్టరు శంకరరావు గారు, “మోటారు ఆపి చూద్దాం, ఏమవుతుందో” అన్నారు. ఏమవుతుంది, నిమిషం తిరక్కుండా పిల్ల పెదాలు నీలం తిరిగాయి. మళ్ళీ మోటారు వేశాం. ఆ తర్వాత ఎనిమిది రోజులు నేను మీట వైపు నడిస్తేనే కళ్ళు ఇంతింత చేసుకుని, “వద్దు... వద్దు” అనేది. అప్పుడు డాక్టరుగారిని అడిగాను, రోజుకి కాస్త కాస్త చొప్పున నేను మాన్పిస్తానండీ అని. “ఓపికుంటే చెయ్యమ్మా, నాకు ఇరవై మంచాలున్నాయి” అన్నారు. ఓపిక నాకు లేకపోతే ఇంకెవరికుంటుంది? అర నిమిషంతో మొదలుపెట్టాను. పెట్టె తీసి, పక్కన స్టూలు మీద కూచుని, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, మెడనరాలు ఉబ్బుతున్నాయా, గోళ్ళ రంగు ఎలా ఉందీ అని చూస్తూ, “భయపడకు, పక్కనే ఉన్నాను. మీట మీద మాత్రం చెయ్యి పెట్టను” అనేదాన్ని. ఆ రెండో మాట అనడమే కష్టం. ఆ పిల్ల రొమ్ము కొట్టుకుంటుంటే నా చెయ్యి మీట మీదికి పోయేది. పోయిన ప్రతిసారీ పిల్ల ఒకరోజు వెనక్కి జారేది. అందుకని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచోడం నేర్చుకున్నాను.

అర నిమిషం, నిమిషం, నాలుగు నిమిషాలు. పాత పథ్యం కాగితాల వెనక గీతలు గీసి, పైన పేషెంటు పేరు రాసి, కింద రోజువారీ నిమిషాలు వేసేదాన్ని. ఒక ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలదో అదీ రాసేదాన్ని, రొమ్ములో ఎంత బలం వచ్చిందో అదే చెబుతుంది గనక. ఒట్టి అంకెలు విసుగన్నది పిల్ల. “మా నాన్న దుప్పటి అద్దుతుంటే నేను అచ్చులు లెక్కపెట్టేదాన్ని అక్కా” అంది. అప్పటికి సిస్టరుగారు పోయి అక్కనయ్యాను. ఆ రోజు నుంచి ఖైరున్ బీ బల్ల మీద అచ్చు కొట్టినట్టు పిడికిలితో ధబ్ ధబ్‌మని గుద్దేది, పిల్ల దానికి తగ్గట్టు ఒక అచ్చు, రెండచ్చులు, మూడచ్చులు అని లెక్కపెట్టేది. ఆషాఢంలో ఒకనాడు మామగారు వచ్చి, తలుపు అవతల నిలబడి, “మావాడికి వేరే సంబంధం చూడక తప్పదేమో” అని ఎవరితోనో అన్నాడు. పిల్ల విన్నది. ఆ పూట ఏడు నిమిషాలుండాల్సింది పదకొండుంది. కోపం ఊపిరికి మంచిదని ఏ నర్సుల బళ్ళోనూ నాకు చెప్పలేదు.

మామగారు దుర్మార్గుడేం కాదు. మూడు నెలలు పెడన నుంచి తిరిగి విసిగిపోయాడు. “ఇక తిరగలేమమ్మా. శుక్రవారం డాక్టరుగారు చూస్తానన్నారు. ఆ రోజుతో తేల్చెయ్యండి. పెట్టె లేకుండా బతకదంటే ఇంటికి తీసుకెళ్ళిపోతాం, ఆ ఉన్న నాలుగు గంటలూ మా ఇంట్లోనే గడిపి పోతుంది” అన్నాడు. కొడుకు అచ్యుతరావు పక్కనే నిలబడి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. నేను బెదరలేదు. పిల్ల అప్పటికి రెండు గంటలు బయట ఉంటోంది. గురువారం ఒక్క ఊపిరిలో ఇరవై ఎనిమిది అచ్చులు లెక్కపెట్టింది.

ఆ గురువారమే, జడ వేస్తూ, ఒక మాటన్నాను. “రేపు మీ మామగారూ మీ ఆయనా వస్తారు. పెద్దవాళ్ళ ముందు ఒద్దికగా ఉండు తల్లీ. పరాచికాలాడకు. డాక్టరుగారు అడిగినదానికి నెమ్మదిగా చెప్పు.” ఎందుకన్నానో తెలీదు. మా అమ్మ నాకు చెప్పిన మాట, మా అమ్మమ్మ మా అమ్మకి చెప్పి ఉంటుంది, అది నన్నడక్కుండానే నా నోట్లోంచి వచ్చేసింది. పిల్ల తల పైన పెట్టెకి బిగించిన అద్దంలోంచి నాకేసి చూసి, “అలాగే అక్కా” అంది.

శుక్రవారం పది గంటలకి అందరూ వచ్చారు. పెట్టె తీశాం. పిల్లని మంచం మీదికి మార్చి తలకింద దిండు సర్దాను. డాక్టరుగారు చేతిగడియారం చూసుకుంటూ, “ఒక్క ఊపిరిలో ఎంతవరకు వస్తే అంతవరకు లెక్కపెట్టమ్మా. ఇరవై దాటితే మధ్యాహ్నందాకా బయటే ఉంచి చూద్దాం. పది కూడా దాటకపోతే ఇంకా ప్రయత్నించి లాభం లేదు” అన్నారు. పిల్ల పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడితో ఆగిపోయింది. అదీ వినీ వినపడని గొంతు. “మళ్ళీ” అన్నారు డాక్టరుగారు. ఈసారి మూడు. ఖైరున్ బీ నా మొహంలోకి చూసింది.

“నిన్న ఇరవై ఎనిమిది చెప్పిందండీ, ఇదుగో కాగితం” అన్నాను. డాక్టరుగారు కాగితం అందుకోలేదు. “నీ కాగితాలు నువ్వు రాసుకున్నవే కదమ్మా. నీకు ఆ పిల్ల మీద అభిమానం. నాకు తెలుసు” అని, పాపం మెల్లిగానే అన్నారు. మెల్లిగా అన్న మాట మరీ మండించింది. పిచ్చేశ్వరరావు పైగుడ్డతో మొహం తుడుచుకుని, “ఇక చాలు లెండి. రాసిపెట్టి ఉండాలి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?” అన్నాడు.

అప్పుడు చూశాను. రాజకుమారి కుడిచెయ్యి ఒక్కటే కాస్త కదులుతుంది. ఆ చెయ్యి దుప్పటి అంచు వెతుక్కుంటోంది. ముందు ఊపిరాడక తడుముకుంటోందేమో అనుకున్నాను. గోళ్ళు చూస్తే ఎర్రగానే ఉన్నాయి. ముక్కుపుటాలు ఎగరడం లేదు, మెడనరాలు ఉబ్బలేదు. హాయిగా ఊపిరాడుతోంది పిల్లకి! మరి ఆ చెయ్యి ఏం చేస్తోందంటే, దుప్పటి అంచుని భుజం చుట్టూ కొంగులా లాక్కుంటోంది. మామగారు ఎదురుగా ఉన్నాడని. ఆయన ఎదుట పెట్టె లేకుండా పడుకోడమే సిగ్గు, పైగా గొంతెత్తి లెక్కలు కూడానా? కోడలై ఏడాది పాటు ఆయన ముందు గుసగుసగా తప్ప మాట్లాడి ఉండదు. పైనుంచి నేను నిన్న కూచోబెట్టి పాఠం చెప్పాను, ఒద్దికగా ఉండమని. నెమ్మదిగా చెప్పమని. రెండు నెలలు నిమిషం నిమిషం ఏరి పోగుచేసిన ఊపిరిని ఒక్క మాటతో నేనే నొక్కేశాను. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

“ఆగండి డాక్టరుగారూ” అన్నాను. పదేళ్ళ ఉద్యోగంలో ఒక డాక్టరుని ఆగమనడం అదే మొదలు. “పిల్లకి ఊపిరుంది. మావగారి ముందు గొంతెత్తకూడదని నోరు మూసుకుంది. అంతే.”

డాక్టరుగారు ఒక్క క్షణం ఆలోచించి, “ఓహో. అయితే వీళ్ళని కాసేపు బయట నిలబడమందాం” అన్నారు. పిచ్చేశ్వరరావు అప్పుడే గుమ్మం వైపు తిరిగాడు.

“వద్దండీ” అన్నాను. “వీళ్ళు బయటికెళ్తే ఊపిరి వస్తుంది. ఇంటికెళ్ళాక ఎవర్ని బయటికి పంపుతాం? ఆ పిల్ల బతకాల్సింది ఆయన ఎదుటే.”

“ఇదెక్కడి చోద్యమమ్మా! కోడలి చేత మా మొహాన అరిపిస్తారా?” అన్నాడాయన.

“అవునండీ. అరిచే కోడలు కావాలా, పోయిన కోడలు కావాలా? చెప్పండి.” నా గొంతు వార్డు చివరిదాకా వినిపించింది. పన్నెండో మంచం మీది ముసలావిడ లేచి కూచుంది. నేను రాజకుమారి వైపు వంగాను. “నిన్న నేను చెప్పింది తప్పు. ఒద్దికా వద్దు, నెమ్మదీ వద్దు. గట్టిగా. వినపడకపోతే నేనొప్పుకోను.” ఖైరున్ బీకి చెప్పక్కర్లేకపోయింది. బల్ల మీద పిడికిలి దింపింది, ధబ్.

పిల్ల మామగారికేసి చూసింది. మొగుడికేసి చూసింది. దుప్పటి అంచు వదిలేసింది. రొమ్మునిండా గాలి తీసుకుంది, నేను కళ్ళారా చూశాను, ఏ తిత్తీ లాగకుండా దానంతటదే లేచింది. “ఒక అచ్చు! రెండచ్చులు! మూడచ్చులు!” మొదటి పది వణికాయి. తర్వాత గొంతు కుదురుకుంది. ఇరవై దగ్గర అచ్యుతరావు చెప్పులకేసి చూడ్డం మానేసి తలెత్తాడు. ఇరవై ఎనిమిది దాటింది. ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. ఆయాసం కాదు, కావాలనే ఆగింది. ఆగి, అదే ఊపిరిలో, “ఇంకా ఉంది మావయ్యగారూ” అంది.

పిచ్చేశ్వరరావు మంచం పక్కన స్టూలు మీద కూలబడి పైగుడ్డ మొహాన కప్పుకున్నాడు. ఏడ్చాడో సిగ్గుపడ్డాడో నాకు తెలీదు, ఆయనకూ తెలిసి ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటైంది, నాలుగైంది, పిల్ల బయటే ఉంది. జావ తాగింది. ఖైరున్ బీ చేత గోరింటాకు పెట్టించుకుంటానని గొడవ చేసింది. డాక్టరుగారు మళ్ళీ వచ్చి చూసి, “బాగా పనిచేసిందమ్మా మన పద్ధతి” అన్నారు. మన అన్నారు! “నా పద్ధతండీ” అన్నాను. “కాగితాలు ఇవిగో. ఇప్పుడైనా చదవండి.” ఈసారి అందుకున్నారు. అక్కడే నిలబడి మొదటి కాగితం నుంచి చదివారు.

ఆరింటికి ఇంటికెళ్ళాను. నూతి దగ్గర ఆగలేదు. సరాసరి వంటింట్లోకి నడిచి, కుండలోంచి మంచినీళ్ళు ముంచుకుని తాగాను. “అయ్యో అయ్యో, స్నానం!” అంది అత్తగారు మంచం మీంచి. “సబ్బుతో కడుక్కునే వచ్చానండీ” అన్నాను. ఆవిడ మంచం మీదే కాళ్ళు చాపుకుని, “నా మోకాళ్ళు లాగేస్తున్నాయే” అంది. అదే క్షణంలో వసారాలోంచి మా ఆయన, “కనకం, కాఫీ! ఆ కాగితం మీద సంతకం అయిందా? నా గళ్ళ లుంగీ ఎక్కడ?” అన్నారు. నేను కదలకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. రెండో నిమిషంలో ఆయన గొంతు మారింది. “కనకం? ఏమైందే? కనకం!” గుమ్మంలోంచి చూస్తే లుంగీ ఆయన వెనక దండెం మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ నూనెసీసా ఆవిడ మంచం కిందే ఉంది. ఇద్దరూ కళ్ళు ఇంతింత చేసుకుని నాకోసం చూస్తున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎనిమిది రోజులు చూశాను ఆ చూపుని.

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ పెట్టెలో ఉన్నది నేననుకున్నాను. కాదు. నేను పెట్టెని. ఏడేళ్ళుగా కరెంటు పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా, ఆగకుండా లాగుతూ వదులుతూ ఇద్దరు మనుషుల్ని ఆడిస్తున్నాను. వాళ్ళకి కాళ్ళూ చేతులూ ఉన్నాయన్న సంగతి వాళ్ళకే తెలియకుండా చేశాను. ఇందులో నా తప్పూ ఉంది. ప్రతిసారీ మీట మీద చెయ్యి వేసింది నేనేగా.

ఆవకాయ జాడీ ఎత్తి కాగితం తీశాను. మధ్యలో గుండ్రంగా నూనె మరక పడింది. దాన్ని వెనక్కి తిప్పి, పీట మీద పెట్టుకుని, పెన్సిలుతో గీతలు గీశాను. పైన పేషెంటు పేరు ఉండాలి కదా, ధనుంజయరావు అని రాశాను. పక్కన రత్నమ్మ. కింద రోజులు. శనివారం పొద్దున: వేణ్ణీళ్ళు, లుంగీ. శనివారం సాయంత్రం: కాఫీ. ఆదివారం పొద్దున: పొయ్యి అంటించడం, అన్నం. ఆదివారం సాయంత్రం: క్యారేజీ సర్దుకోడం. రెండో వరసలో మోకాళ్ళకి నూనె, రోజూ. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చదివారు. తన పేరు దగ్గర ఆగి, మళ్ళీ చదివారు. “ఏమిటిది? పేరు రాశావా? రాజీనామా ఏదీ?”

“అది దాని వెనకుంది. సంతకం పెట్టను. ఉద్యోగం మానను. సోమవారం మీరు గుడివాడ వెళ్ళండి. అత్తయ్యగారు మీతో వస్తే సరే, ఇక్కడుంటే సరే, నూనె మాత్రం ఆవిడే రాసుకోవాలి. ఆదివారాలు రైల్లో మీరు రండి, లేకపోతే నేనొస్తాను.” ఆయన ఇంకా హమ్మయ్య అనలేదు, తాంబూలం వేసుకోలేదు. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను.

“నీకు మతిపోయిందా? నావల్ల కాదు కనకం. పొయ్యి అంటించడం కూడా రాదు నాకు” అన్నారు. నిజంగానే భయపడ్డారు మనిషి.

“మొదటిరోజు అందరూ ఇదే అంటారండీ” అన్నాను, వార్డులో అనే గొంతుతోనే. “సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. భయపడకండి, పక్కనే ఉంటాను. చెయ్యి మాత్రం పెట్టను.”